వనభోజనాలకు జనరేటరు ఎందుకండీ?

మళ్ళీ పొడుగు రాతే. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడు చదవండి, లేనివాళ్ళు రాత్రి భోజనాలయ్యాక చదవండి. ఎప్పుడు చదివినా ఆదివారం మీటింగుకి వచ్చేలోపు మాత్రం చదవండి. మా చదువంతా అరక్కోణంలో తమిళ మీడియంలో సాగింది కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారిపోతాయి. పోయినసారి మా తప్పులు దిద్ది పంపిన మాస్టారికి కృతజ్ఞతలు. ఈసారి ముందు విషయం చూసి, తప్పులు తర్వాత చూడమని మనవి. ఇంకో మాట. 'మేము' అని రాస్తున్నామంటే గొప్పకి కాదండి. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళ పైన 'మేము తెలియజేయునది ఏమనగా' అనే ధోరణిలో ఉత్తరాలు రాసి రాసి చెయ్యి అలా తిరిగిపోయింది. పైగా ఇందులో సగం మాటలు మా ఇంటావిడవి.

విషయం ఏమిటంటే, ఈ ఏడు కార్తీక వనభోజనాలకు కూడా రెండు రాత్రులు మారేడుమిల్లి అడవిలో క్యాంపు, మూడోనాడు తెల్లవారుజామున జీపుల్లో గుడిస కొండ అని కమిటీ ఖర్చుల కాగితం పెట్టింది. చూశాం. కుర్రాళ్ళు కష్టపడి వేశారు, కాదనం. అందులో 'ఫ్యామిలీలకు బోర్ కొట్టకుండా' అని ఒక పద్దు ఉంది. రెండు పెద్ద స్పీకర్లు, వాటికి జనరేటరు, ప్రొజెక్టరు, తెర, రాత్రికొక సినిమా, జీపుల్లో పిల్లల ఫోన్లకి ఛార్జింగు పెట్టెలు. ఈ ఒక్క పద్దుకి అయ్యేది మొత్తం ఖర్చులో మూడో వంతు. అంత డబ్బు పోసి మనం కొనుక్కుంటున్నది ఏమిటో ఒకసారి ఆలోచించమని అడగడానికే ఈ రాత. ఆ పద్దు మొత్తం కొట్టెయ్యాలని మా అభిప్రాయం. ఇది చాదస్తంతో అంటున్నది కాదు. పోయినేడు జరిగిన ఒక విషయం మనలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళం నోరు మూసుకున్నాం. అదే ఇప్పుడు చెప్తున్నాం.

పోయినేడు మాతో పాటు మా మనవడు వచ్చాడు. ఆరేళ్ళవాడు. మా అమ్మాయికి సెలవు దొరక్క, వాణ్ణి మాతో పంపింది. రెండోనాడు సాయంకాలం ఐదున్నర అయింది. కార్తీకంలో పొద్దు తొందరగా కుంగిపోతుంది, కొండల మధ్య ఇంకా తొందరగా. క్యాంపు వాగు ఒడ్డునే. స్పీకరు పెట్టారు. మీకందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ రోజు డాన్సులు బాగా జరిగాయి. పెద్దాళ్ళు కూడా లేచి ఆడారు. ఆ సందడంతా ఫోనులో తీసి మా అమ్మాయికి పంపుదామని మేం నిలబడి తీస్తున్నాం. సిగ్నలు లేదు, అయినా తీస్తున్నాం.

ఇంతలో ఎవరో వెనక నుంచి భుజం మీద తట్టారు. తిరిగి చూస్తే, దగ్గరి పల్లె నుంచి నీళ్ళకి వచ్చిన కొండరెడ్ల ఆవిడ ఒకామె. చంకలో మా మనవడు. తడిసి ముద్దయిపోయి ఉన్నాడు, గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది, పెదాలు నల్లబడి వణుకుతున్నాడు. చెప్పు ఒకటి వాగులో పడిందట. దానికోసం రాయి మీద నుంచి వంగి జారాడు. నీళ్ళు వాడి నడుము లోతే, కానీ కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. అరిచాడట. చాలాసేపు అరిచాడట. అవతలి ఒడ్డున ఉన్న ఆవిడకి వినబడింది. వాగు దాటి వచ్చి తీసింది. పైకి తెచ్చాక మన గుంపు అంచున నిలబడి ఆవిడ కూడా కేకలు వేసిందట, ఒక్కరూ తిరగలేదు. ఆఖరికి జనంలోకి నడిచొచ్చి ముట్టుకుంటే గానీ మాకు తెలియలేదు. ఆవిడ అడిగింది ఒకటే మాట. 'మీకు వినబడలేదా?'

మేం అరవై అడుగుల దూరంలో ఉన్నామండి. ఆవిడ అవతలి గట్టున ఉంది.

ఈ విషయం మా అమ్మాయికి పది రోజులు చెప్పలేదు. గడ్డం మీద మచ్చ చూసి అడిగితే, 'పరిగెడుతూ పడ్డాడు' అన్నాం. తర్వాత మా ఇంటావిడ ఉండబట్టలేక చెప్పేసింది. అందుకని ఇది ఫలానావాళ్ళ తప్పు అని వేలెత్తి చూపడం కాదు. స్పీకరు పెట్టినవాళ్ళ కంటే మా తప్పే పెద్దది. పిల్లవాణ్ణి చూడమని అప్పగిస్తే వాళ్ళమ్మకి పంపడానికి మేం డాన్సు వీడియో తీస్తున్నాం.

అడవిలో వాగు దగ్గర మనిషికి కాపలా అంటే చెవులే. పైన ఎక్కడో కొండ మీద వాన పడితే మన దగ్గర చినుకు లేకపోయినా నీళ్ళు వస్తాయి. ముందు చప్పుడు మారుతుంది, ఆ తర్వాతే రంగూ మట్టమూ. ఆ ఊళ్ళవాళ్ళని అడగండి, వాగు చప్పుడు మారితే పని వదిలేసి గట్టెక్కుతారు. 2024 సెప్టెంబరులో అదే మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు ఒక్కసారిగా పెరిగిన నీళ్ళలో కొట్టుకుపోయారు, ముగ్గురు పోయారు. చదువుకున్న పిల్లలు, ఈడొచ్చిన పిల్లలు. అక్కడ స్పీకరు ఉందని మేం అనడం లేదు. నీళ్ళు అంత త్వరగా వస్తాయని చెప్పడానికే అంటున్నాం. అలాంటి చోట మనం డబ్బు పెట్టి మరీ, జనరేటరు మోసుకెళ్ళి మరీ, మన చెవులు మనమే మూసుకుంటున్నాం.

'బోర్ కొడితే పిల్లలు రారండీ, పిల్లలు రాకపోతే తల్లులు రారు, తల్లులు రాకపోతే వనభోజనాలే ఉండవు' అని కమిటీలో ఒక తమ్ముడు అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. పోయినేడు ఇంటరు చదివే పిల్లలు ముగ్గురు రామని మొండికేస్తే బతిమాలి తీసుకెళ్ళాం. పాట మీద మాకు కోపం లేదు. ఇళయరాజా పాట వస్తే మేమే సౌండు పెంచుతాం, మా వీధిలో అందరికీ తెలుసు. బస్సులో రంపచోడవరం దాకా పాటలు పెట్టుకోండి, మేమూ పాడతాం. వాన పట్టి గుడిసెల్లో కూర్చోవలసి వస్తే పిల్లలు ఫోనులో ఏదో చూసుకుంటారు, చూసుకోనివ్వండి. మా గొడవ క్యాంపు గురించీ, జీపుల గురించీ.

అసలు 'బోర్ కొట్టకుండా' అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. తమిళంలో ఎంటర్‌టైన్‌మెంటుని 'పొళుదుపోక్కు' అంటారు. పొళుదు అంటే పొద్దు, పోక్కు అంటే పోగొట్టడం. మన 'పొద్దుపోవడం' లాంటిదే. మనం 'కాలక్షేపం' అంటాం. ఈ కాలక్షేపం అన్న మాట తమిళ దేశంలో వేరే అర్థంలో వాడతారు. మేం చిన్నప్పుడు అరక్కోణంలో గుడి దగ్గర 'కాలక్షేపం' అని బోర్డు పెట్టేవారు. అంటే భాగవతారు వచ్చి కూర్చుని కథ చెప్తాడన్నమాట, మన హరికథ లాంటిది. పెట్రోమాక్స్ దీపం ఒకటి, తాళాలు, నోరు. వందమంది ఆ నోటి వైపు చూస్తూ కూర్చునేవారు. ఇక్కడ మన ఆదిభట్ల నారాయణదాసు గారి దేశంలో ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొద్దు పోవడానికి అప్పుడూ ఏదో ఒకటి కావలసివచ్చింది. కాకపోతే చెప్పేవాడు మన ఎదుటే ఉండేవాడు, పిల్లవాడు ఏడిస్తే కథ ఆపేవాడు. మన స్పీకరు ఆగదు.

ఇంతకీ బోర్ ఎవరికి కొడుతోందండీ? నిజం మాట్లాడుకుందాం. బోర్ కొట్టిన పిల్లవాడు మొదటి గంట పీక్కుతింటాడు. 'ఎప్పుడెళ్తాం', 'ఇంకెంతసేపు', 'తమ్ముడు గిల్లాడు'. ఆ గంట దాటితే రాళ్ళు ఏరుకుంటాడు, పుల్లలతో ఇల్లు కడతాడు, చీమల బారు వెంట పోతాడు. ఆ మొదటి గంట ఓర్చుకునే ఓపిక మనకి లేదు. అందుకని ఫోను చేతిలో పెడతాం, తెర ముందు కూర్చోబెడతాం. ఆ పద్దు పిల్లల పేరు మీద రాసుకున్నాం గానీ దాన్ని వాడుకునేది పెద్దవాళ్ళం. మేం కూడా వాడుకున్నాం, పైన చెప్పాం కదా.

జీపుల్లో ఫోన్ల సంగతి వేరే ఉంది. పుల్లంగి దాటాక గుడిస కొండెక్కే దారి మీకు తెలుసు. దాన్ని దారి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. మేం వెళ్ళినప్పుడు రాళ్ళు, గోతులు, ఒకవైపు లోయ. పోయినేడు మా జీపులో ఇద్దరు పిల్లలు చీకట్లో ఫోను చూస్తూ ఎక్కారు, ఇద్దరూ వాంతులు చేసుకున్నారు. కళ్ళేమో కదలని బొమ్మ చూస్తూ 'కూర్చునే ఉన్నాం' అంటాయి, చెవి లోపల ఉండే తూకమేమో 'ఎగిరెగిరి పడుతున్నాం' అంటుంది, ఈ తగాదాలో కడుపు తిరుగుతుంది. బయటికి చూసే పిల్లవాడికి ఈ బాధ తక్కువ. కమిటీవారు ఛార్జింగు పెట్టెలు కొనడం అంటే వాంతులకు ఏర్పాటు చెయ్యడమే. కావాలంటే ఆ డబ్బుతో ప్లాస్టిక్ కవర్లు కొనండి.

ఆ జీపు నడిపినది అక్కడి కుర్రాడే. ఒక మలుపులో ఇంజను ఆపి, చెయ్యి అడ్డం పెట్టి 'మాట్లాడకండి' అన్నాడు. కొమ్మ మీద బెట్లుడుత. ముదురు ఎరుపు, ఇంత పొడుగు తోక. ఫోను పట్టుకున్న పిల్లలు కూడా వాంతులు మర్చిపోయి పది నిమిషాలు ఊపిరి బిగపట్టి చూశారు. తర్వాత ఆ కుర్రాడే జీలుగు చెట్టు చూపించి కల్లు ఎలా తీస్తారో చెప్పాడు. అడ్డాకులు ఎలా ఏరతారో, కొండచీపుళ్ళు ఎప్పుడు కోస్తారో చెప్పాడు. పిల్లలు అడిగినవాటికి అంతు లేదు. 'పులి ఉందా?' 'నువ్వు చూశావా?' 'మీ ఇల్లెక్కడ?' 'మీ స్కూల్లో ఎంతమంది?' అతనికీ సరదాగానే ఉంది. దిగాక అతన్నే అడిగాం, టూరిస్టులు ఇవన్నీ అడుగుతారా అని. 'పాటలు పెట్టుకుంటారు కదండీ' అన్నాడు. 'పుష్ప' సినిమా షూటింగు ఎక్కడ జరిగిందో చూపించమంటారట, అక్కడ దిగి తగ్గేదేలే అని గడ్డం కింద చెయ్యి పెట్టి ఫొటో దిగుతారట. మనవాళ్ళూ దిగారు లెండి.

ఇంకో సంగతి. మన ఊళ్ళో పండగొస్తే వీధి చివర స్పీకర్లు పెట్టారని మనమే సంఘం తరఫున అర్జీ రాశాం, గుర్తుందా? ఆ అర్జీ డ్రాఫ్టు మాదే. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చూపించి మరీ రాశాం. ఇప్పుడు అదే సంఘం నూట పాతిక మైళ్ళు కాదు గానీ, ఒక పూట ప్రయాణం చేసి వెళ్ళి, పొద్దున్నే లేచి పోడుకో కూలికో పోవలసిన మనుషుల ఇళ్ళ పక్కన పదకొండింటి దాకా సినిమా వేస్తుందట. వాళ్ళు అర్జీ రాయరు. అందుకనే కదా మనం వెయ్యగలిగేది?

పాటల తర్వాత ఆడవాళ్ళ మాట. 'లేడీస్ అడిగారండీ సినిమా' అని కాగితం కింద ఒక కామెంటు చూశాం. ఏ లేడీస్ అడిగారో మా ఇంటావిడ వాకబు చేసింది. అడిగినవాళ్ళు ఇద్దరు దొరికారు. మిగతా పద్నాలుగు మంది అన్నది వేరు. పోయినేడు రెండు రోజులు ఎవరేం చేశారో ఆవిడ లెక్క వేసింది, గుమాస్తా భార్య కదా. పొద్దున్న ఉప్మా, కాఫీ, మధ్యాహ్నం అన్నం పప్పు పులుసు, సాయంత్రం బజ్జీలు, రాత్రి మళ్ళీ అన్నం. గిన్నెలు వాగు దగ్గర. బొంగులో చికెన్ మాత్రం మగవాళ్ళు చేశారు, అంటే మారేడుమిల్లిలో కట్టించుకొచ్చిన వెదురు బొంగుల్ని నిప్పుల మీద తిప్పుతూ ఫొటోలు దిగారు. మాంసం కడిగి ఉప్పూ కారం పట్టించింది ఎవరో మీకు తెలుసు. ఆవిడ మాట యథాతథంగా రాస్తున్నాం: 'మాకు వినోదం అంటే రెండు గంటలు గిన్నె ముట్టుకోకుండా వాగు పక్కన కాళ్ళు చాపుకుని కూర్చోవడం. అది పెట్టండి మీ పద్దులో.'

అది పెట్టొచ్చండి. మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీ శాఖ వాళ్ళ క్యాంపులు వన సంరక్షణ సమితుల చేతిలో నడుస్తాయి, అక్కడి గిరిజనులే నడుపుతారు. ముందుగా చెప్తే వంట వాళ్ళే చేసిపెడతారు. జనరేటరు అద్దె, ప్రొజెక్టరు అద్దె, డీజిలు కలిపితే రెండు రోజుల వంట కూలి వచ్చేస్తుంది, ఇంకా మిగులుతుంది. ఆ డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది. మనవాళ్ళు 'మన వంట మనకి అలవాటు' అంటారు. అలవాటు తినేవాళ్ళకి. ఒండేవాళ్ళని అడగండి.

మగవాళ్ళ వినోదం గురించి ఒక్క ముక్క రాసి వదిలేస్తాం, ఎక్కువ రాస్తే మాతో మాట్లాడ్డం మానేస్తారు. మన యానాం సరుకు చవక, అందరికీ తెలుసు. అది బస్సు సీట్ల కింద పెట్టుకుని ఆంధ్రా చెక్‌పోస్టు దాటడం నేరం, అదీ అందరికీ తెలుసు. పోయినేడు పోలీసులు బస్సు ఆపితే లోపల ముప్పై మంది ఆడవాళ్ళూ పిల్లలూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు చూడకుండా పంపేశారు, మన అదృష్టం. 'ఫ్యామిలీ ట్రిప్' అని బోర్డు కట్టుకుని ఫ్యామిలీనే అడ్డం పెట్టుకున్నాం. చాలు.

సరే, అన్నీ వద్దంటున్నారు, మరి ఏం చెయ్యమంటారు అంటారా? మేం రైల్వేలో ఉన్నప్పుడు పాసు మీద ఏడాదికోసారి మద్రాసు నుంచి సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో పిల్లల్ని వేసుకుని అత్తవారింటికి ఇక్కడికి వచ్చేవాళ్ళం. రాత్రంతా బండి, కాకినాడలో దిగి మళ్ళీ బస్సు. అప్పుడు మా దగ్గర ఉన్నదల్లా ఒక మరమరాల పొట్లం, ఒక నోటు పుస్తకం. పిల్లలకి ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళం. పెద్దది గార్డు, చిన్నవాడు డ్రైవరు. గార్డు పని ఏమిటంటే, బండి ఎక్కడ ఆగింది, ఎన్నింటికి ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్నింటికి కదిలింది, ఇవి పుస్తకంలో రాయాలి. డ్రైవరు పని, ఎదురొచ్చిన గూడ్సుకి ఎన్ని పెట్టెలో లెక్క చెప్పాలి. లెక్క తప్పితే కిటికీ సీటు పోతుంది. గోదావరి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేపక్కర్లేదు, ఇద్దరూ కిటికీకి అతుక్కుపోయి ఉండేవారు. పాత హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు, అది మేం చెప్పం, వాళ్ళే లెక్కపెట్టాలి. 53 అని ఒకరు, 57 అని ఒకరు, దెబ్బలాట రాజమండ్రి దాటేదాకా. 1997లో ఆ వంతెన మీద బళ్ళు ఆపేశారు గానీ, మా ఇంట్లో ఆ తగాదా ఇంకా తీరలేదు.

పోయినేడు ఆ వాగు సంగతి అయ్యాక, గడ్డానికి కట్టుతో మా మనవడు బిక్కమొహం వేసుకు కూర్చుంటే, తిరుగు ప్రయాణంలో వాడికి గార్డు ఉద్యోగం ఇచ్చాం. పుస్తకం ఇంకా ఉంది. అక్షరాలు కాకి కాళ్ళు. 'ఆవు అడ్డం. 4 నిమిషాలు.' 'డ్రైవర్ అంకుల్ టీ. 15 నిమిషాలు.' 'తాత ఒంటికి. 3 నిమిషాలు.' 'మళ్ళీ తాత. 3 నిమిషాలు.' మారేడుమిల్లి నుంచి ద్రాక్షారామం దాకా వాడు ఒక్కసారి కూడా ఎప్పుడొస్తుందని అడగలేదు. ఎప్పుడొస్తుందో చెప్పవలసినవాడు వాడే కదా మరి.

జీపుకొక గార్డుని పెట్టండి. పదేళ్ళ లోపు పిల్లలకే ఇవ్వండి ఆ ఉద్యోగం. ఇంటరు పిల్లలకి నిజమైన పని ఇవ్వండి, నీళ్ళ డబ్బాల లెక్క, టెంట్లు నిలబెట్టడం, పొద్దు కుంగేవేళ వాగు దగ్గర కాపలా, చిన్నపిల్లల తల లెక్క. మొండికేసిన ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి పోయినేడు ఎవరూ చెప్పకుండానే పొయ్యి రాజేసింది, ఎంత గర్వంగా చూసిందో మాకు తెలుసు. ఆ వయసులో బోర్ కొట్టేది పని లేక కాదు, పనికిరానివాళ్ళలా చూస్తే.

రాత్రుళ్ళ సంగతి మీకే అనుభవం ఉంది. పోయినేడు రెండో రాత్రి ఎనిమిదిన్నరకి స్పీకరు బ్యాటరీ అయిపోయింది, గుర్తుందా? మొదట 'అయ్యో' అన్నారు. ఎవరో జీపు బ్యాటరీకి తగిలిద్దాం అన్నారు, డ్రైవరు ఒప్పుకోలేదు, మహానుభావుడు. కాసేపు ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాం. అప్పుడు వాగు వినబడింది. ఒకటిన్నర రోజు దాని పక్కనే ఉండి మొదటిసారి విన్నాం. ఆ చీకట్లో మన మామ్మగారు, పేరు రాయం, సంఘంలో అందరికంటే పెద్దావిడ, 'తుఫాను రాత్రి కూడా ఇలాగే కరెంటు పోయింది' అంది. 1996 నవంబరు 6. ఆ పేరు చెప్తే మన ఊళ్ళో నలభై దాటినవాళ్ళెవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలకి ఒక్కడికీ తెలియదు. ఒకడు అడిగాడు, 'మీ ఇంటి కప్పు ఏమయింది మామ్మా?' అని. ఆవిడ చెప్పింది. పక్కింటి డాబా మీదికి ఎలా ఎక్కారో, పదకొండు మంది ఒక్క దుప్పటి కింద తెల్లారేదాకా ఎలా కూర్చున్నారో, తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు ఎలా పడి ఉన్నాయో. గాలి ఒకసారి ఆగి, ఇంకో దిక్కు నుంచి మళ్ళీ ఎత్తుకుందని చెప్పినప్పుడు పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. దాని తర్వాత ఇంకొకరు 86 గోదావరి వరద ఎత్తారు. పదింటి దాకా ఎవరూ లేవలేదు. ఆకాశంలో పిల్లల కోడి పైకి వస్తే, ఇదే కృత్తిక, ఈ మాసానికి పేరిచ్చింది ఇదే అని మేం చూపించాం, అదీ ఒక పక్కన జరిగింది.

రెండు రోజులూ ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. స్పీకరు మోగినంతసేపు ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా ఆవిడకి వినపడదు. ఈ ఏడు ఆవిడ రానంటోందట. మా ఇంటావిడ వెళ్ళి అడిగితే 'ఆ హోరులో నేనెందుకమ్మా, ఇంట్లో పడుకుంటా' అంది. కమిటీ కాగితంలో పెద్దవాళ్ళ కోసం ఏ పద్దూ లేదు. గుడిస కొండకి జీపులో వాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టాలన్న మాట కూడా లేదు.

అందుకని ఆదివారం మీటింగులో మేం అడగబోయేది ఇదీ. జనరేటరు, స్పీకర్లు, ప్రొజెక్టరు, ఛార్జింగు పెట్టెలు కొట్టెయ్యండి. ఆ డబ్బులో వంట అక్కడివాళ్ళకి ఇవ్వండి, రెండు రోజులూ, మూడు పూటలూ. మిగిలిన దాంతో ఒక జీపు ఎక్కువ మాట్లాడండి, ఇరుక్కోకుండా, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందు కూర్చునేలా. వాగు దగ్గరికి పిల్లలు వెళ్తే పెద్దవాళ్ళు ఇద్దరు వెంట ఉండాలి, ఆ ఇద్దరి చేతుల్లో ఫోను ఉండకూడదు. మొదటి కాపలా మాది. పోయినేడు బాకీ ఉంది.

ఓటింగులో ఓడిపోతే ఓడిపోతాం, అలిగి ఇంట్లో కూర్చోం, వస్తాం. కానీ స్పీకరు పెడితే మా మనవణ్ణి తీసుకురాం. వాళ్ళమ్మకి మాట ఇచ్చాం.

ఇంకొకటి. మామ్మగారిని రమ్మని అడగడానికి శనివారం సాయంత్రం మేం మళ్ళీ వెళ్తున్నాం, ఆవిడకి చెప్పగలిగేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే కలిసి వెళ్దాం. చింతగింజలు మా ఇంటావిడ అప్పుడే కడిగి ఎండబెట్టింది. వామనగుంటల పలక మా దగ్గర ఒకటే ఉంది, అరక్కోణం నుంచి తెచ్చిన పల్లాంకుళి. మీ ఇళ్ళల్లో అటక మీద ఎక్కడైనా ఉంటే దింపి, బూజు దులిపి తీసుకురండి. నోటు పుస్తకాలు మేం తెస్తాం.